ఛాతీ సంచి

ఎల్లారెడ్డి నుంచి పోచారం చెరువు దాకా ఏ తాటిచెట్టునైనా ఆపి అడగండి. చెట్టు ఎలాగూ నిలబడే ఉంటుంది కాబట్టి ఆపే పని లేదు, ఊరికే అడగండి. పర్శరాములు గౌడ్ నా మీదికి ఎక్కాడు, దిగాడు అని చెబుతుంది. పడ్డాడని మాత్రం ఒక్క చెట్టూ చెప్పదు. నలభై రెండేళ్లు నడుముకు మోకు తాడు వేసి కల్లు గీసిన మనిషి ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా పడలేదు. ఓసారి గాలివానకు తాను ఎక్కిన చెట్టు ఒంగి పక్క చెట్టు నెత్తికి తల ఆనించిందట. ఈయన దిగకుండా అటునుంచి అటే ఆ చెట్టు మీదికి మారి, అక్కడి కల్లు లొట్టి కూడా దించుకుని, ఆ చెట్టు వెంబడి కిందికి వచ్చాడట. ఆ రెండో చెట్టు వేరేవాళ్లది కావడంతో పంచాయితీ అయింది కానీ, అది వేరే కథ.

అలాంటి మనిషి నిరుడు వానాకాలం చివర ఒక సంచి చేతిలో ఓడిపోయాడు.

వాగు ఒడ్డున ఆయనకు రెండెకరాల మక్కజొన్న ఉంది. అంతకు ముందు సంవత్సరం అడవిపందులు దాన్ని కంకి మిగలకుండా తిన్నాయి. తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. ఈసారి ఆయన చేయని పని లేదు. గట్టు చుట్టూ పాత చీరలు కట్టాడు. మంగలి దుకాణం నుంచి వెంట్రుకలు తెచ్చి చల్లాడు. పులి గాండ్రించినట్టు అరిచే మైకు పెట్టాడు. పందులు మొదటి రోజు దూరంగా నిలబడి విన్నాయి, రెండో రోజు దగ్గరికొచ్చి విన్నాయి, మూడో రోజు ఆ మైకు కిందే పడుకుని కంకులు నమిలాయి. కంకి పాలు పోసుకునే వేళ అది. ఇంకో ఇరవై రోజులు కాపాడితే పంట, లేకపోతే ఈసారి కూడా చొప్పే.

"గీసారిగూడ పోతె నేను మాట్లాడ," అంది ఆయన భార్య శాంతవ్వ. "పొలం కౌలుకిచ్చేసి కూలికి పోతం. నా అసొంటిది మందిల నాట్లెయ్యడానికి సిగ్గువడితే, నువ్వు ఏసుకో చీర కట్టుకొని."

"చీరలన్ని గట్టుకు కట్టిన గదనే. ఇంట్ల ఏమున్నయి?" అన్నాడు పర్శరాములు.

నవ్వింది కానీ, అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

పందులను కాల్చడానికి అనుమతి ఉన్న తుపాకి మనిషి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఒక్కడే. కామారెడ్డి సంపత్. బోరు మోటార్ల దుకాణం నడుపుతాడు, ఆదివారం మాత్రమే వస్తాడు. ఆదివారానికి ఒక పొలం. పంచాయతీ కార్యదర్శి అనూహ్య మేడం జాబితా రాసి గోడకు అంటించింది. పర్శరాములు పొలం పదకొండోది. పదకొండు ఆదివారాలంటే పందులకు పిల్లలు పుట్టి, ఆ పిల్లలు కూడా మక్క తినడం నేర్చుకునేంత కాలం.

అందుకని ఆయన పొద్దున్నే బస్సెక్కి కామారెడ్డి వెళ్లాడు. దుకాణంలో సంపత్ కౌంటర్ వెనక నిలబడి ఉన్నాడు. ఛాతీ మీద, గడ్డం కింది నుంచి బొడ్డు పైదాకా, అడవి రంగు సంచి ఒకటి బిగించుకుని అద్దంలో చూసుకుంటున్నాడు.

"ఏంది సార్ గిది? పసిపిల్లను కట్టుకున్నట్టు ముంగట కట్టుకున్నవు?"

"చెస్ట్ ప్యాక్ అన్నా. చెట్టు మీదికెల్లి కొట్టేటోళ్లు గిదే వాడుతరు. నిన్ననే వచ్చింది."

సంపత్ జిప్పులు తీసి ఒక్కొక్కటి కౌంటర్ మీద పెట్టాడు. దూరం చెప్పే చిన్న దుర్భిణి. టార్చి. మడత రంపం. కొక్కేలు. చేతి తొడుగులు. గాలి ఎటు వీస్తుందో చూడడానికి పౌడర్ డబ్బా. పవర్‌బ్యాంకు. చివరికి సగం తిన్న పల్లిపట్టి.

"గాలి ఎటు పోతుందో చూడనీకె డబ్బానా?" అన్నాడు పర్శరాములు. "మేం బీడీ ముట్టిస్తం సార్."

"బీడీ వాసన పందికి తెలుస్తది గదన్నా."

"పౌడర్ వాసనకు పెండ్లి అనుకొని వస్తదేమొ."

తర్వాత సంపత్ ఇంకొకటి చూపించాడు. నడుముకూ పిర్రలకూ వేసుకునే వెడల్పాటి పట్టా, దానికో తాడు. చెట్టుకు తాడు వేసి, ఆ పట్టాలో కూర్చున్నట్టు వాలి, కాళ్లు బోదెకు ఆనించి వేలాడాలి. చెట్టు జీను అంటారట. పర్శరాములు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సార్, గిది మా తాతల మోకు. గీ పట్టా మా నడుము ముస్తాదు. మీరు రంగేసి పేరు మార్చిన్రు, గంతే."

సంపత్ నవ్వలేదు. అసలు సంగతి చెప్పాడు. పైకి వెళ్లాక వేలాడడం తనకు వచ్చు. వెళ్లడమే రాదు. పోయిన ఆదివారం దోమకొండ అవతల ఒక పొలంలో ఇనుప మెట్లు బిగించుకుంటూ ఎక్కేసరికి ముప్పావుగంట పట్టింది. ఆ టంగుటంగులకు పందులే కాదు, పక్క ఊరి కుక్కలు కూడా పారిపోయాయి.

"నువ్వు ముందుగాల ఎక్కి తాళ్లు కడితివనుకో, నేను చప్పుడు గాకుండ వస్త. గీ ఆదివారం మీ పొలమే పెట్టుకుందాం. జాబితా సంగతి మేడంకు నేను చెప్త."

పర్శరాములు వెంటనే ఒప్పుకున్నాడు. మిగతా పదిమంది సంగతి తిరుగు బస్సులో సదాశివనగర్ దాటాక గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ఏం చేయలేదు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి సంపత్ జీపు వాగు దగ్గర ఆగింది. మక్కకూ వాగుకూ మధ్యన తెల్లమద్ది చెట్టు ఒకటి ఉంది. నున్నటి బోదె, మూడు నిలువుల దాకా కొమ్మ లేదు. పందులు దిగేది దాని కిందినుంచే. పక్క పొలం పోచన్న కూడా వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. ఆయన పొలం జాబితాలో నాలుగోది. తన కన్నా ముందు పదకొండోది ఎలా వచ్చిందో చూద్దామని వచ్చాడని అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు.

పర్శరాములు ధోవతి ఎగగట్టి, కాళ్లకు బంధం వేసుకుని, మోకు చేతికి తీసుకున్నాడు. సర్కారు ఇచ్చిన రక్షణ కిట్టు ఇంట్లో చిలక్కొయ్యకు వేలాడుతోంది. వచ్చిన రోజు నుంచి అక్కడే ఉంది.

"అన్నా, ఆగు. గిది కట్టుకొని ఎక్కు," అని సంపత్ ఛాతీ సంచి విప్పి ఇచ్చాడు.

"ఎందుకు సార్? నేను పైకి పోయి తాడు ఇడుస్త. కట్టు, గుంజుకుంట."

"గుంజితె చెట్టుకు తాకుతది. లోపల అద్దాలున్నయి. పైన కొక్కేలు, రంపం నీకే కావాలె. నీ చేతికి అందేటట్టు ముంగటుంటది."

"ఈపుకు కట్టుకుంట మరి."

"ఈపుకు కట్టుకుంటె దాని సుఖమేముంది? ఎనుకకు తిరిగి తీస్తవా? ముంగటుంటెనే కదలకుండ తీసుకోవచ్చు. గందుకే చేసిన్రు గదన్నా దాన్ని." ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. "ఇంకోటి, వీడియోల మంచిగ కనవడ్తది."

ఆ మాటలో తప్పు లేదు. వేలాడేవాడికి సంచి ముందుండడమే మంచిది. కానీ పర్శరాములు వేలాడేవాడు కాదు, ఎక్కేవాడు. నలభై రెండేళ్లు ఆయన సామానంతా వెనకే ఉంది. కత్తులు పక్కటెముకల వెనక, లొట్టి నడుము వెనక. ముందర ఏమీ ఉండకూడదు. గీతకాడి ఛాతీ చెట్టుది, అనేవాడు ఆయన తండ్రి.

ఆ తండ్రే ఇంకొకటి నేర్పాడు. మోకుకు ఒక కొసన కన్ను ఉంటుంది, రెండో కొసన ముడి. చెట్టు చుట్టూ తిప్పి, ముడిని కన్నులో దూర్చి, మెలితిప్పి, పొట్టకు ఆనించి మూడుసార్లు గుంజాలి. గుంజు పొట్టకు తగిలిందా, ముడి పడినట్టే. వంగి చూడకూడదు. కళ్లతో చూసుకున్నవాడు గౌడుల దేవుడు కాటమయ్యను నమ్మనట్టు. ఆ ఇంట్లో మూడు తరాలుగా మోకు ముడిని చూసినవాడు లేడు. చూడాల్సిన అవసరమూ రాలేదు. ముందర ఏమీ లేని మనిషికి తన పొట్ట దగ్గర ఏముందో వేళ్లే చెబుతాయి.

కాదందామని నోటిదాకా వచ్చింది. కానీ కాదంటే సంపత్ జీపెక్కి పోచన్న పొలానికి పోగలడు. పోచన్న అక్కడే కూర్చుని ఉన్నాడు కూడా. పర్శరాములు సంచిలోకి చేతులు దూర్చాడు. సంపత్ వెనకనుంచి పట్టీలు బిగించాడు. కింద నడుము పట్టీ కొస ఒకటి మిగిలి, ఉచ్చులా మడత పడి బొడ్డు ముందు వేలాడింది.

చాయ తెచ్చిన శాంతవ్వ మొగుణ్ని చూసి గిన్నె కింద పెట్టింది.

"ఇగో, ఎన్నో నెల?"

పోచన్న గట్టు మీద దొర్లి నవ్వాడు. పర్శరాములు కూడా నవ్వాడు. "తొమ్మిది నిండినయే. ఇయ్యాల పందిని కంటా!" అన్నాడు.

శాంతవ్వ గిన్నె తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది. తుపాకి చప్పుడంటే ఆమెకు భయం.

ఆయన మోకు తిప్పాడు. కన్ను కోసం వేళ్లు వెతికాయి. సంచి అడ్డం. మోచేత్తో దాన్ని కొంచెం పైకి నెట్టి వేలికి తగిలిన ఉచ్చులో ముడిని దూర్చాడు, మెలితిప్పాడు, మూడుసార్లు గుంజాడు. గట్టిగా పొట్టకు తగిలింది. వంగి చూడలేదు. చూద్దామన్నా సంచి తప్ప ఏమీ కనబడదు.

ఎక్కాడు. ఎక్కడమంటే ఏమిటో సంపత్‌కు అప్పుడు తెలిసింది. ఫోను పట్టుకున్న చేయి కిందికి దించి నోరు తెరిచి చూశాడు. కాళ్లు కప్పలా ముడుచుకోవడం, తాడు ఒక్క విసురుకు పైకి పోవడం, మళ్లీ కాళ్లు. బోదె మీద గోరు గీసిన చప్పుడు కూడా లేదు. సంచి మాత్రం ప్రతి విసురుకూ చెట్టుకూ ఆయనకూ మధ్య నలిగి, ఆయన్ను చెట్టునుంచి జానెడు దూరంగా నెడుతూ వచ్చింది. ఎన్నడూ లేని ఆ జానెడు దూరం ఆయనకు నచ్చలేదు. పొద్దు వాగు అవతలికి దిగుతోంది. పైనుంచి మక్క చేను మొత్తం కనబడింది. పీచు ఎర్రబారుతున్న కంకులు, నడిమధ్య పందులు పడుకున్న గుంట. దాని అవతల తుప్పల్లో నల్లగా ఒకటి కదిలింది. వెనక ఇంకొకటి. ఇంకా ఐదారు.

"వస్తున్నయి సార్," అన్నాడు పెదవులతోనే.

కొమ్మ దగ్గర ఆగి, కాళ్లు బిగించి, రెండు చేతులూ వదిలేసి వెనక్కి వాలాడు. ఎక్కినంతసేపూ బరువు కాళ్ల మీద, చేతుల మీద ఉంది. ఇప్పుడు మొత్తం మోకు మీద పడింది. కొక్కెం తీద్దామని సంచి జిప్పు పట్టుకుంటే, పొట్ట దగ్గర పట్టీ ప్లాస్టిక్ బకిల్ చిట్లిన చప్పుడైంది. ముడి పడింది మోకు కన్నులో కాదు, ఆ కన్నులోకి దూరిన సంచి పట్టీ ఉచ్చులో.

మొదట్లో ఒక్కసారి కూడా పడలేదన్నాను కదా. ఇప్పుడు ఎలాగూ గాలిలో ఉన్నాడు కాబట్టి నిజం చెప్పేస్తాను. పడ్డాడు. రెండుసార్లు. పెళ్లైన మూడో రోజు అత్తగారింట్లో మరదళ్ల ముందు జామచెట్టు ఎక్కి, కాయ కోసి, కాయతో సహా బర్రెల కుడితి గోళెంలో పడ్డాడు. ఇంకోసారి తాటిచెట్టు మీదినుంచే, కానీ అది రెండు మూరల ఎత్తు. ఇంకా ఎక్కడం మొదలుపెట్టక ముందే. చెట్టు నుంచి చెట్టుకు మారిన సంగతంటారా, ఆ గాలివాన రోజు ఆయన ఇంట్లోనే ముసుగుతన్ని పడుకున్నాడు. ఇలాంటివి చెబితే మనిషి చిన్నబోతాడని దాచాను. ఇక దాచి ఏం లాభం?

మూడోసారి పడింది ఇదే. సంచి ముందు తగిలింది, తర్వాత ఎడమ తుంటి, తర్వాత ఆయన. పందులు బెదిరి గుర్రుమంటూ మక్కలోంచి బయటికి ఉరికాయి. అప్పుడు తుపాకి పేలింది. సంపత్ నేల మీద మోకాలేసి కొట్టిన దెబ్బకు, ముందు ఉరికిన పెద్ద మగపంది రెండు పల్టీలు కొట్టి వాగు ఒడ్డున పడింది.

ఎల్లారెడ్డి సర్కారు దవాఖానకు ఆటోలో తీసుకువెళ్లింది పోచన్న. తుంటి ఎముక విరిగింది, రాడ్ వేయాలి అన్నారు. మర్నాడు పొద్దున సంపత్ వచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ముందు సంచి తెరిచాడు. కావాలని కాదు, చేతులు ఊరుకోక. దుర్భిణి కంటికి పెట్టుకుని కిటికీలోంచి చూశాడు.

"అద్దం పగల్లేదన్నా! గంత ఎత్తుకెల్లి పడ్డది, ఒక్క గీత లేదు."

"సంబురం సార్."

"పట్టీ ఒక్కటే తెగింది. కంపెనీకి రాస్త. మార్చిస్తరు."

"రాసేటప్పుడు అండ్లనే నా తుంటి గూడ రాయుండ్రి సార్. గదిగూడ సంచి తోటే పోయింది."

ఆ వార్డులో నర్సు కృపారాణి మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది. సంపత్ నవ్వలేదు. తల వంచి చాలాసేపు జిప్పు అటూ ఇటూ లాగుతూ కూర్చున్నాడు. పాపం, చెడ్డవాడు కాదు. వెళ్లేటప్పుడు మిగిలిన పల్లిపట్టి దిండు పక్కన పెట్టి వెళ్లాడు.

శాంతవ్వ ఆరు రోజులు దవాఖానలోనే ఉంది. కూతురు అనిల పెద్దకొడప్‌గల్‌లో అత్తగారింట్లో వరికోతల్లో ఉండి, చివరి రెండు రోజులకు రాగలిగింది. ఆ ఆరు రోజులూ చేను దగ్గర ఎవరూ లేరు. మైకు బ్యాటరీ రెండో రోజే అయిపోయింది. ఏడో రోజు శాంతవ్వ పొలానికి పోయి, గట్టు దాటకుండానే చూసి, అటునుంచి అటే పంచాయతీ ఆఫీసుకు నడిచింది.

"మేడం, తుపాకి సారును ఇంకొక్కసారి పంపుండ్రి. ఓ మూల ఇంత మిగిలింది. గదన్న దక్కుతది."

అనూహ్య జాబితా దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చూసింది. మంచి పిల్లే, మొహం చిన్నబుచ్చుకుంది. "మీ పొలం అయిపోయిందవ్వా. టిక్కు పడ్డది. మొన్న ఆదివారం వచ్చి పోయిండు గద సారు. ఇంక మిగిలినోళ్లందరి వంతు అయినంకనే మళ్ల."

వెనక నిలబడ్డవాళ్లలో ఎవరో, "పదకొండోది ఒకటోదెట్లయ్యిందో గది గూడ అడుగవ్వా," అన్నారు. శాంతవ్వ వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంటికి వెళ్లే దారిలో పోచన్న ఎదురయ్యాడు. ఆమె ఆగి ఒక్కటే అడిగింది.

"అన్నా, నిజం చెప్పు. ఒక్కటన్న పడ్డదా?"

"పడ్డదవ్వా. పెద్దది. ఖాయిదా ప్రకారం తినద్దు గద, పాతిపెట్టిన్రు. అగో, వాగు పక్కన ఆ మట్టికుప్ప కనవడ్తలేదూ, గాడనే."

ఆమె వాగు దాకా నడిచి వెళ్లింది. మట్టికుప్ప ముందు కాసేపు నిలబడింది. చెప్పు తీసి దాన్ని కొట్టింది. మళ్లీ కొట్టింది. చేయి నొప్పిపుట్టేదాకా కొట్టి, చెప్పు తొడుక్కుని ఇంటికి వచ్చింది. అనిలను చేనుకు కాపలా పెట్టి, ఆ సాయంత్రమే మళ్లీ దవాఖానకు వెళ్లింది.

పర్శరాములు పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నాడు. పొలం ఎట్లుందని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు. చెప్పుకు అంటిన మట్టి మంచం కాలికి రాసి, "పెద్దదేనటగా?" అంది.

గోడవైపు చూశాడు. ఆమె మొహం చూశాడు. ఆరు రోజుల్లో మొదటిసారి ఆ మొహంలో కాస్త రంగు ఉంది.

"పెద్దదే," అన్నాడు. "కోరలు గింత పొడుగు. పడ్డంక గూడ నన్నే చూసుకుంట సచ్చింది."

"మంచిగైంది," అంది శాంతవ్వ.

ఇప్పుడు ఆ పొలం కౌలుకిచ్చారు. శాంతవ్వ నాట్లకు కూలికి వెళుతోంది, చాలాసార్లు తన పొలంలోకే. పర్శరాములు కర్ర పట్టుకుని గట్టు దాకా నడుస్తాడు. ఆయన చెట్లు వేరేవాళ్లు గీస్తున్నారు. తెల్లమద్ది వైపు మాత్రం చూడడు. చిలక్కొయ్యకు సర్కారు కిట్టు ఇంకా వేలాడుతోంది, ఇప్పుడు దాని పక్కనే మోకు కూడా.

ఈ కథలో ఒకటి నేను కల్పించింది ఉంది. జామచెట్టు కాదు, కావాలంటే ఆయన మరదళ్లను అడగండి. తుపాకి చప్పుడు. సంపత్ ఆ రోజు తుపాకి జీపులోంచి బయటికే తీయలేదు. ఆయన చేతిలో ఫోను ఉంది. పందులు ఏడుకు ఏడూ వాగు దాటి వెళ్లిపోయాయి, ఆ రాత్రే తిరిగొచ్చాయి. ఆ మట్టికుప్ప నా బోరు పైపు పాతిన చోటు. పక్క పొలం పోచన్నను నేనే. ఆమె అడిగినప్పుడు నోట్లోంచి అలా వచ్చేసింది. తర్వాత తీసేద్దామంటే అప్పటికే పర్శరాములు దానికి కోరలు పెట్టేశాడు.